ఐపీ అడ్రస్, సిస్టమ్ వివరాలు ఎక్కడ చూడాలి?

కావలిలో జిరాక్స్ షాపు నడుపుతున్నారు, నెట్ ఆగినప్పుడల్లా టెక్నీషియన్ ఫోన్లో "ఐపీ (నెట్‌వర్క్‌లో మీ సిస్టమ్ నంబరు) ఎంత, విండోస్ ఏది" అని అడుగుతున్నాడు. అవి ఎక్కడుంటాయనే కదా మీ ప్రశ్న?

విండోస్ మీట పట్టుకుని ఆర్ నొక్కి, సీఎండీ (cmd) అని కొట్టి ఎంటర్ చేయండి. నల్ల తెర వస్తుంది. భయం వద్దు, ఇక్కడ చెప్పేవన్నీ చూపించేవే, దేన్నీ మార్చవు.

సిస్టమ్‌ఇన్ఫో (systeminfo) అని కలిపి కొట్టి ఎంటర్ చేస్తే విండోస్ వెర్షన్, ర్యామ్, బూట్ టైమ్ (సిస్టమ్ చివరిగా మొదలైన సమయం) వస్తాయి. రోజూ రాత్రి షట్‌డౌన్ చేస్తున్నా బూట్ టైమ్ వారం కిందటిది కనపడొచ్చు. అది ఫాస్ట్ స్టార్టప్ (త్వరగా తెరుచుకోవడానికి విండోస్ పూర్తిగా ఆగకుండా ఉండే సదుపాయం) మహిమ, రీస్టార్ట్ చేస్తేనే మారుతుంది.

మీకు అసలు పనికొచ్చేది ఐపీకాన్ఫిగ్ (ipconfig), అదే తెరలో కొట్టండి. అందులో ఐపీవీ4 అడ్రస్ 192.168తో మొదలైతే మామూలే. 169.254తో మొదలైతే మాత్రం రూటర్ నుంచి సిస్టమ్‌కి అడ్రస్ అందలేదని అర్థం. ముందు కేబుల్ చూడండి. ఒంగోల్లో మా తమ్ముడి షాపులో రెండు రోజులు తల పట్టుకున్నాక తేలింది, ఎలుక కొరికిన వైరు!

డీఫాల్ట్ గేట్‌వే ఎదురుగా ఉండేది రూటర్ నంబరు. పింగ్ (ping) అని కొట్టి, ఖాళీ వదిలి, ఆ నంబరు వేయండి. అలాగే 8.8.8.8 (నెట్‌లో ఉండే గూగుల్ సర్వర్ నంబరు) కూడా వేయండి. రూటర్‌కి రిప్లై వచ్చి దీనికి రాకపోతే తేడా రూటర్లోనో బయటి లైన్లోనో ఉన్నట్టే. రెండింటికీ వచ్చి సైట్లు తెరుచుకోకపోతే డీఎన్ఎస్‌ని (సైటు పేరును ఐపీ నంబరుగా మార్చే సేవను) అనుమానించండి.

తెరను ఫోన్‌తో ఫొటో తీసి టెక్నీషియన్‌కి వాట్సాప్‌లో పంపండి. నెట్ లేని సిస్టమ్‌లో కాపీ చేసుకుని ఏం లాభం?