రెండో గేమ్‌లో బంతి ఎందుకు మాట వినదు?

ప్రశ్న: నేను పది పిన్నులను పడగొట్టే టెన్‌పిన్ బౌలింగ్‌ను కుడిచేత్తో ఆడతాను. మొదటి గేమ్‌లో బంతి ఒకటి, మూడు పిన్నుల మధ్యకు చక్కగా వెళ్తుంది. రెండో గేమ్ సగానికి వచ్చేసరికి, అదే విసురుకు ముందే తిరిగిపోయి హెడ్‌పిన్‌కు (అన్నిటికంటే ముందుండే ఒకటో పిన్‌కు) ఎడమవైపు పోతోంది. ఇంకా గట్టిగా హుక్ అయ్యే (వంపు తిరిగే) బంతి కొన్నాక ఇబ్బంది పెరిగింది. ఏ బంతి వాడాలి?

జవాబు: ఇక్కడ మారింది మీ చేయి కాదు, లేన్, అంటే బంతి దొర్లే బాట. ఫౌల్ లైన్ (విసిరేటప్పుడు దాటకూడని గీత) నుంచి హెడ్‌పిన్ దాకా 60 అడుగులుండే లేన్‌పై మామూలుగా సుమారు 40 అడుగుల వరకే నూనె పూస్తారు. అదీ నడిమి బోర్డులపై (లేన్ పొడవునా ఉండే సన్నని పట్టీలపై) ఎక్కువగా, అంచుల్లో తక్కువగా ఉంటుంది. నూనె మీద జారుతూ వెళ్లిన బంతి పొడి భాగంలో పట్టు దొరికాకే తిరుగుతుంది. గట్టిగా తిరగడానికి వాడే రియాక్టివ్ రెజిన్ పైపొర బంతులు ప్రతి విసురుకూ కొంత నూనెను పీల్చుకుంటాయి కనుక, అందరూ వేసే దారే అన్నిటికంటే ముందు ఎండిపోతుంది. అక్కడ మీ కొత్త బంతి ఇంకా ముందుగా పట్టు చిక్కించుకుని, పిన్నులను చేరేలోపే సత్తువ కోల్పోతుంది.

అందుచేత బంతి మార్చే ముందు మీరు కదలండి. పాదాలను రెండు బోర్డులు, గురిని ఒక బోర్డు ఎడమకు జరిపితే, బంతి ఇంకా నూనె మిగిలి ఉన్న చోటి మీదుగా వెళ్తుంది. అలా జరుగుతూ పోయినా బంతి ముందే తిరుగుతుంటే, లేదా హెడ్‌పిన్ పక్కన సరిగ్గా తగిలి కూడా కుడి వెనక మూలలోని పదో పిన్ పదేపదే నిలబడిపోతుంటే, అప్పుడు పాలిష్ చేసిన పెర్ల్ (ముత్యపు మెరుపు పైపొర ఉన్న) బంతిని తీయండి. అది ముందు భాగంలో జారి, చివర్లో తిరుగుతుంది. యురేథేన్ (ఒక రకం ప్లాస్టిక్) పైపొర బంతి మలుపు మెత్తగా, ముందుగా ఉంటుంది, కానీ అది నూనెను పెద్దగా పీల్చుకోక ముందుకు నెట్టుకుపోతుంది. అలా నూనె చేరిన చోట బంతి ఆలస్యంగా తిరిగి కుడివైపే ఉండిపోతే, జరగవలసింది కుడికి. స్పేర్లకు (మొదటి విసురు తర్వాత మిగిలిన పిన్నులకు) మాత్రం నూనెను అంతగా లెక్కచేయని పాలియెస్టర్ బంతిని నేరుగా వేయడమే మేలని నా అభిప్రాయం.

బంతి పైపొరను గరుకు చేయాలన్నా, పాలిష్ పెట్టాలన్నా ఆటకు ముందే చేసుకోవాలి. అమెరికా బౌలింగ్ సమాఖ్య నిబంధనల ప్రకారం పోటీ మొదలయ్యాక ఆ పని కుదరదు. ప్రతి విసురుకు ముందు పొడి గుడ్డతో నూనె తుడవడానికి అభ్యంతరం లేదు, అది మానకండి కూడా. మీరు కొన్న కొత్త బంతిని అమ్ముకోనక్కరలేదు. అప్పుడే బాగా నూనె పూసిన లేన్‌పై మొదటి గేమ్‌కు దాన్నే వాడండి.