వరదముద్రలో వరద ఎక్కడిది?

సందేహం: ఇండోనేషియాలోని బొరోబుదూర్ బుద్ధ విగ్రహం ఫొటో కింద 'వరద ముద్ర' అని రాశారు. వరదలకూ విగ్రహానికీ ఏమిటి సంబంధం? దానగుణానికి గుర్తు అంటున్నారు కదా, 'దానముద్ర' అంటే సరిపోదా? హుస్సేన్‌సాగర్ బుద్ధుడిదీ ఇదే ముద్రా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

సమాధానం: తప్పు మీది కాదు, ఫొటో కింద రెండు మాటల మధ్య ఖాళీ వదిలినవారిది. వరదముద్ర ఒకే సమాసపదం, ముద్ర అంటే ఇక్కడ చేతి భంగిమ. దాన్ని విడగొడితే తెలుగు చెవికి ఏరు పొంగినట్టే వినిపిస్తుంది. పొంగే వరద అచ్చతెలుగు మాట. చంద్రుడి చుట్టూ కట్టే వలయాన్ని వరదగుడి అంటాం, అక్కడ గుడీ లేదు, వరమూ లేదు. ముద్రలోని వరద సంస్కృతం: వరం దదాతి ఇతి వరదః, వరం ఇచ్చేవాడు అని. జలద, ధనద, సుఖద అన్నట్టే ఇదీ. 'వరదా ముద్ర' అని దీర్ఘం తీసేవారు కూడా ఉన్నారు. ముద్ర స్త్రీలింగమే గాని, కర్మధారయంలో పూర్వపదానికి పుంవద్భావం (పుంలింగ రూపం) వచ్చి హ్రస్వమే నిలుస్తుంది.

అసలు రుచి 'వరం'లో ఉంది. వృ ధాతువుకు ఎంచుకోవడం అని అర్థం. ఎంచుకోబడ్డవాడు వరుడు, తానే ఎంచుకుంటే స్వయంవరం. కాబట్టి వరమంటే అడిగేవాడు ఎంచుకున్నది. దానం అలా కాదు, అందులో ఏమివ్వాలో దాత ఇష్టం. పండగనాడు పంచే చీర రంగును పుచ్చుకునే ఆవిడను ఎవరడిగారు? అమరకోశమనే సంస్కృత నిఘంటువు కూర్చిన అమరసింహుడు ఈ తేడా ఎరిగినవాడు. దండిగా ఇచ్చేవాడికి చెప్పే వదాన్య, స్థూలలక్ష్య, దానశౌండ, బహుప్రద శబ్దాలను ఒకచోట కట్టగట్టి, 'వరదస్తు సమర్ధకః' అని వరదుణ్ణి వేరే కూర్చోబెట్టాడు. సమర్ధకుడంటే కోరిక ఈడేర్చేవాడు. ఆయన బౌద్ధుడని ప్రతీతి కూడాను.

అయితే బుద్ధుడు వరాలిస్తాడా? భిక్షువుల నియమాలు చెప్పే పాళీ గ్రంథం వినయపిటకంలో, మహావగ్గ అనే భాగంలో, విశాఖ అనే గృహస్థ భక్తురాలు ఎనిమిది వరాలు అడిగితే, ఆయన మొదట అన్న మాట 'అతిక్కన్తవరా ఖో విశాఖే తథాగతా'. తథాగతులు వరాలను దాటినవారని. ఆమె వెనక్కి తగ్గలేదు. తాను కోరేవి తగినవీ దోషం లేనివీ అని చెప్పి జాబితా విప్పింది: భిక్షువులకు వానాకాలపు స్నానవస్త్రాలు, కొత్తగా ఊరికి వచ్చినవారికి భోజనం, పయనమై పోయేవారికి భోజనం, రోగులకు భోజనం, వారిని కనిపెట్టుకుని ఉండేవారికి భోజనం, మందులు, రోజూ గంజి, భిక్షుణులకు స్నానవస్త్రాలు. ఇవన్నీ బతికినంతకాలం తాను ఇస్తానంది. చూశారా, ఆమె అడిగినది పుచ్చుకోవడానికి కాదు, ఇవ్వడానికి అనుమతి. ఒక్కొక్కదానికీ కారణం చెప్పించుకుని బుద్ధుడు సరేనన్నాడు. వరమూ దానమూ ఇంత చక్కగా కలిసిన చోటు మరొకటి నాకు తోచదు. దానముద్ర అన్న మాటను నేను పూర్తిగా కొట్టివేయలేకపోవడానికి కారణం కూడా ఇదే.

ఇక పోల్చుకోవడం. చెయ్యి కిందికి చాచి, వేళ్లు నేలవైపు, అరచెయ్యి మనవైపు ఉంటే వరదం. కూర్చున్న విగ్రహంలో ఆ చెయ్యి కుడి మోకాలి మీద వెల్లకిలా ఉంటుంది. అదే చెయ్యి బోర్లా ఉంటే భూస్పర్శ, అంటే నేలను తాకే ముద్ర. ఫొటోలకు పేర్లు రాసేవారు తరచు తడబడేది ఇక్కడే. బొరోబుదూర్‌లో ఈ రెండూ పక్కపక్క దిక్కుల్లోనే ఉన్నాయి: తూర్పున భూస్పర్శతో అక్షోభ్యుడనే బుద్ధుడు, దక్షిణాన వరదంతో రత్నసంభవుడనే బుద్ధుడు. దిక్కుకు 92 విగ్రహాలు. చెయ్యి విరిగిన విగ్రహమైతే మిగిలిన మోచేతిని చూడాలి. అది పైకి మడిచి ఉంటే వరదం అనడానికి వీల్లేదు.

బౌద్ధ దేవత తారాదేవిదీ, కరుణామూర్తి అయిన బోధిసత్త్వుడు అవలోకితేశ్వరుడి పెక్కు రూపాలదీ వరదహస్తమే. ఆ రూపాల్లో ఒకటైన ఖసర్పణ లోకేశ్వరుడి చేతి కింద సూచీముఖుడనే ప్రేతం మూతి పైకెత్తి, ఆ వేళ్ల నుంచి కారే అమృతం తాగుతూ ఉంటుంది. సూదిమొన లాంటి నోరు దానిది, ఎంత పోసినా చుక్కే పడుతుంది. ఔదార్యానికి ఇంతకన్న పదునైన శిల్పం అరుదు. అయిదు వేళ్లు దానం, శీలం, క్షాంతి, వీర్యం, ధ్యానం అనే పారమితలని (బోధిసత్త్వుడు పండించుకునే గుణాలని) కూడా చెబుతారు. ఆరోదైన ప్రజ్ఞకు పాపం వేలు మిగల్లేదు.

మన పోతన బలిచక్రవర్తి లక్ష్మీపతి చెయ్యి 'క్రిందగుట, మీదై నా కరంబుంట మేల్ గాదే?' అని మురిసిపోయాడు. బలికి తన చెయ్యి పైన ఉండటం గొప్ప. వరదహస్తం తానే కిందికి దిగి వస్తుంది. పోతన పద్యానికి వంక పెడుతున్నానని అనుకోకండి, ఆ మురిపెం బలిది, కవిది కాదు.

  

కాబట్టి వరదముద్ర, వరదహస్తం సరైన మాటలే. తంత్రగ్రంథాల వరముద్ర కూడా చెల్లుతుంది. వివరణగా దానముద్ర అంటే అభ్యంతరం లేదు గాని, పేరుగా నిలబెట్టడానికి నాకు మనసొప్పదు.

1992 డిసెంబరులో హుస్సేన్‌సాగర్‌లో నిలిపిన బుద్ధుడి కుడిచెయ్యి పైకెత్తి ఉంది. అది అభయముద్ర, భయపడవద్దని చెప్పే చెయ్యి. అమరావతి, నాగార్జునకొండ శిల్పులకు కూడా నిలుచున్న బుద్ధుడిలో అలవాటైనది అదే. ఆ ఫొటో కింద రాసేటప్పుడైనా రెండు మాటలూ కలిపి రాయమనండి.