సూది గుచ్చుకుని ఐదు వారాలైందా? విటమిన్ల సంగతి తర్వాత చూద్దాం

ప్రశ్న: నా వయసు 33. ఒక ప్రైవేటు ఆస్పత్రిలో స్టాఫ్ నర్స్‌ని. నెలకు పది పన్నెండు నైట్ డ్యూటీలు పడతాయి. ఆరు నెలలుగా బాగా నీరసం, కాళ్ల నొప్పులు, జుట్టు రాలడం. నైట్ చేసి వచ్చాక పగలు నిద్ర పట్టక నాలుగు నెలలుగా ఆల్‌ప్రాజోలం 0.25 వేసుకుంటున్నాను. ఈ మధ్య 0.5 వేసుకుంటే గానీ నిద్ర రావడం లేదు. ఐదు వారాల కింద బ్లడ్ శాంపిల్ తీసి సూదికి క్యాప్ పెడుతుంటే వేలికి గుచ్చుకుంది. రక్తం పిండేసి స్పిరిట్ రాసుకున్నాను. పేషెంట్ బాగానే ఉన్నాడని ఎవరికీ చెప్పలేదు. హెపటైటిస్-బి టీకా చదువుకునేటప్పుడు రెండు డోసులు వేయించుకున్నాను, మూడోది గుర్తులేదు. నీరసం తగ్గడానికి ఏ మల్టీ విటమిన్ మంచిది? బి12 ఇంజెక్షన్లు నేనే చేసుకోవచ్చా?
- ఒక సోదరి, కరీంనగర్

జవాబు: సిస్టర్, మీరు అడిగింది విటమిన్ గురించి. నా కన్ను మాత్రం మధ్యలో మీరు రాసిన సూది దగ్గరే ఆగిపోయింది. మిమ్మల్ని నేను పరీక్షించలేదు, మీ ఉత్తరం ఒక్కటే నా ముందుంది. కాబట్టి ఇక్కడ రాసేది మీ దగ్గర్లోని ఫిజీషియన్‌కి చూపించుకునే వరకు దారి చూపడానికే.

‘పేషెంట్ బాగానే ఉన్నాడు’ అన్నారు. హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, హెచ్ఐవీ ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి బాగానే కనిపిస్తారని మీకు నేను చెప్పాలా! అదే సూది మీ జూనియర్‌కి గుచ్చుకుని ఉంటే మీరు ఊరుకునేవారా? చెయ్యి పట్టుకుని క్యాజువాల్టీకి తీసుకెళ్లేవారు.

రక్తం తీసిన సూదిలో బోలు ఉంటుంది, లోపల రక్తం నిలుస్తుంది. అందుకే కండకు ఇంజెక్షన్ చేసిన సూది కంటే దీంతో రిస్క్ ఎక్కువ. పేషెంట్‌కి హెచ్ఐవీ ఉంటే ఇలాంటి గాయంతో అది సోకే అవకాశం సుమారు 0.3 శాతం, అంటే వెయ్యిలో ముగ్గురికి. హెపటైటిస్-సి అయితే రెండు శాతం లోపే. హెపటైటిస్-బి విషయంలో మాత్రం, టీకా రక్షణ లేనివాళ్లకి 6 నుంచి 30 శాతం వరకు ఉండొచ్చు. మీరు భయపడుతున్నది హెచ్ఐవీకే అయ్యుంటుంది. నాకు ఎక్కువ ఆందోళన మీకు గుర్తులేని ఆ మూడో డోసు గురించి.

గుచ్చుకున్న వెంటనే చెప్పి ఉంటే చేయగలిగినవి చాలా ఉండేవి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు (పెప్ అంటాం) వీలైతే రెండు గంటల్లోపు, ఎట్టి పరిస్థితుల్లోనూ 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి. ఇప్పుడు రోజుకు ఒక్క మాత్రే. హెపటైటిస్-బి ఇమ్యునోగ్లోబులిన్‌ని (సిద్ధంగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా సాధ్యమైతే 24 గంటల్లోపు, ఆలస్యమైనా వారంలోపు ఇస్తాం. ఈ రెండు గడువులూ దాటిపోయాయి. మిమ్మల్ని బాధపెట్టాలని కాదు, మీ వార్డులో రేపు ఇంకొకరికి గుచ్చుకుంటే గడియారం చూసుకోమని చెబుతున్నాను. ఇంకో మాట, రక్తం పిండడం, స్పిరిట్ పోయడం వల్ల లాభం లేదు, కణజాలం ఇంకా దెబ్బతింటుంది. ధారగా పారే నీళ్లతో, సబ్బుతో కడిగితే చాలు. వాడిన సూదికి మళ్లీ క్యాప్ పెట్టొద్దన్నది మీరు ఫస్టియర్‌లోనే నేర్చుకున్నారు. పనుల ఒత్తిడిలో చేయి దానంతట అదే పోతుందని నాకూ తెలుసు. వాడిన సూదులు వేసే తెల్ల డబ్బా పడక పక్కకే వచ్చే ఏర్పాటు ఉంటే ఆ అలవాటు పోతుంది.

ఇప్పుడు చేయాల్సింది చూద్దాం. ముందు ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కి లేదా ఇన్ఫెక్షన్ కంట్రోల్ చూసే సిస్టర్‌కి చెప్పి రాతపూర్వకంగా నమోదు చేయించండి. ఆలస్యమైనా సరే. ఆ పేషెంట్‌కి అడ్మిషన్‌లో వైరల్ మార్కర్లు (ఈ వైరస్‌లు ఉన్నాయేమో చూసే రక్త పరీక్షలు) చేసి ఉండొచ్చు, లేకపోతే ఆయన అనుమతితో చేయించాలి. ఆయన ఫైల్‌ని మీరే చాటుగా తిరగేయకండి, అది డాక్టరు ద్వారా జరగాలి. మీకు హెచ్ఐవీ, హెచ్‌బీఎస్ యాంటిజెన్ (హెపటైటిస్-బి ఉందో లేదో చూపేది), యాంటీ హెచ్‌బీఎస్ టైటర్ (దాని నుంచి రక్షణ ఎంత ఉందో చూపేది), హెచ్‌సీవీ (హెపటైటిస్-సి), లివర్ ఎంజైములు చేయించాలి. హెచ్ఐవీ పరీక్ష ఇప్పుడొకసారి, గాయమైన మూడు నెలలకు మళ్లీ ఒకసారి ఉంటుంది. హెపటైటిస్ పరీక్షలు ఆరు నెలలకు కూడా చేయిస్తారు. ప్రభుత్వ ఆస్పత్రిలోని ఐసీటీసీలో (హెచ్ఐవీ సలహా, పరీక్షా కేంద్రం) హెచ్ఐవీ పరీక్ష ఉచితం, వివరాలు గోప్యంగా ఉంచుతారు. సందేహాలుంటే హెచ్ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయొచ్చు.

టీకా విషయంలో ఒక చిన్న జాగ్రత్త. ముందు రక్తం ఇవ్వండి, ఆ తర్వాతే మూడో డోసు వేయించుకోండి. టీకా వేసిన కొద్ది రోజుల్లో హెచ్‌బీఎస్ యాంటిజెన్ పరీక్ష తప్పుడు పాజిటివ్ చూపించే అవకాశం ఉంది, అనవసరంగా హడలిపోతారు. ఎన్నేళ్లు గడిచినా మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన పని లేదు. మూడో డోసు వేసిన ఒకటి రెండు నెలలకు టైటర్ చూడండి, 10 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే రక్షణ ఉన్నట్టే. చాలామంది నర్సులు టీకా వేయించుకుంటారు, టైటర్ మాత్రం చూసుకోరు. కొందరికి మూడు డోసులు పడ్డా రక్షణ రాదు.

పరీక్షలన్నీ అయ్యేదాకా కండోమ్ వాడండి, రక్తదానం చేయకండి. ఈలోగా జ్వరం, దద్దుర్లు, మెడలో గడ్డలు, కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం కనిపిస్తే అదే రోజు డాక్టర్‌ని కలవండి. నీరసం హెపటైటిస్‌కి కూడా లక్షణమే. మీది సూది గుచ్చుకోక ముందు నుంచే ఉంది కాబట్టి రెండింటికీ ముడిపెట్టి నిద్ర పాడుచేసుకోవద్దు. ఒకవేళ ఏదైనా బయటపడినా దారులున్నాయి. హెపటైటిస్-సి ఇప్పుడు సాధారణంగా మూడు నెలల మాత్రలతో నయమవుతోంది, ప్రభుత్వ కార్యక్రమం కింద ఆ మందులు ఉచితంగానే ఇస్తున్నారు.

ఎందుకు చెప్పలేదో మీరు రాయలేదు, కానీ ఊహించగలను. ‘నువ్వే జాగ్రత్తగా ఉండాలి’ అని మందలిస్తారన్న భయం, టెస్టుల ఖర్చు జీతంలో కోస్తారేమోనన్న అనుమానం, అప్రైజల్. నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు రాత్రి రెండున్నరకు నాకూ సూది గుచ్చుకుంది. నేనూ మీలాగే గ్లోవ్ మార్చుకుని పనిలో పడబోయాను. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న పెద్ద సిస్టర్ ఒకావిడ నా చేతిలో ట్రే లాక్కుని, మెడికల్ ఆఫీసర్ దగ్గర కూర్చోబెట్టి, మొదటి మాత్ర మింగేదాకా కదల్లేదు. 28 రోజులు వాంతులతో గడిచాయి, ఏమీ కాలేదు. ఇప్పటికీ నా వార్డులో ఎవరైనా వేలు దాచుకుంటే నాకు ఆమే గుర్తొస్తుంది.

ఈ జవాబు ఆస్పత్రి యాజమాన్యాలు కూడా చదవాలని నా కోరిక. వృత్తిలో హెచ్ఐవీకి గురయ్యే సిబ్బందికి పెప్ ఇవ్వడం, శిక్షణ ఇవ్వడం 2017 హెచ్ఐవీ-ఎయిడ్స్ చట్టం ప్రకారం ఆస్పత్రి బాధ్యత. హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు, చేరినప్పుడు ఒకసారి, ఆపై ఏడాదికోసారి ఆరోగ్య పరీక్ష చేయించాలని 2016 బయో మెడికల్ వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. సూది గుచ్చుకుందని చెప్పిన అమ్మాయిని తిడితే రెండో అమ్మాయి చెప్పదు. ఒక్క నర్సు ముప్పై మందిని చూసే వార్డులో సూదులు గుచ్చుకోక ఏమవుతాయి?

నిద్ర మాత్ర గురించి కొంచెం గట్టిగానే చెబుతాను. డోసు రెట్టింపు చేసుకోవాల్సి వచ్చిందంటే శరీరం దానికి అలవాటు పడుతోందని అర్థం. ఇది షెడ్యూల్ హెచ్1 మందు, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడనిది. డ్రగ్ ట్రాలీ చేతికి అందుబాటులో ఉంది కదా అని వాడేది కాదు. తెలంగాణలో కల్తీ కల్లు ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు జనం ఫిట్స్‌తో, వింత ప్రవర్తనతో ఆస్పత్రులకు రావడం మనం చూశాం. ఆ కల్లులో కలిపే మందుల్లో ఇదీ ఒకటి. అందుకని రేపటి నుంచి హఠాత్తుగా మానేయకండి, డోసు పెంచనూ వద్దు. సైకియాట్రిస్టు లేదా ఫిజీషియన్ పర్యవేక్షణలో కొద్దికొద్దిగా తగ్గించాలి. మాత్ర ప్రభావం దిగకుండా స్కూటీ నడపకండి. ఏడుపు రావడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం, చచ్చిపోవాలన్న ఆలోచన ఉంటే ఏ వేళైనా మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

పగటి నిద్రకి కొన్ని మామూలు పద్ధతులు ఉన్నాయి. తెల్లవారుజామున మూడు దాటాక టీ, కాఫీ వద్దు. ఇంటికి వెళ్లేటప్పుడు నల్ల కళ్లద్దాలు పెట్టుకోండి. గది చీకటిగా ఉండాలి, ఫోను బయట పెట్టాలి. వరసగా ఎక్కువ నైట్లు పడకుండా డ్యూటీ చార్టు వేయమని అడగండి. ఇంట్లోవాళ్లు కూడా ఒకటి గమనించాలి, నైట్ చేసి వచ్చిన మనిషి పగలు ఇంట్లో ఉందంటే ఖాళీగా ఉన్నట్టు కాదు. ఆమె నిద్రపోయే ఆరు గంటలు వంటా, పిల్లల పనీ ఇంకెవరైనా చూసుకోవాలి.

ఇక మీరు అడిగిన విటమిన్. గుడ్డిగా వద్దు. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), థైరాయిడ్, షుగర్, బి12, విటమిన్ డి చూపించుకోండి. నెలసరి ఎక్కువగా అవుతుంటే డాక్టరుకి చెప్పండి, మీ వయసు ఆడవాళ్లలో జుట్టు రాలడానికి, కాళ్లు లాగడానికి ఐరన్ లోపం తరచుగా కనిపించే కారణం. బి12 తక్కువ ఉందని తేలితే ఇంజెక్షన్ రాస్తారు, దాన్ని కూడా ఇంకో సిస్టర్ చేత చేయించుకోండి.

ఈ రక్త పరీక్షలకీ, సూది తాలూకు పరీక్షలకీ ఒకేసారి శాంపిల్ ఇవ్వొచ్చు. షుగర్ పరగడుపున చూస్తే నయం, మిగతావాటికి ఆ నియమం లేదు. రేపు నైట్ దిగాక ఇంటికి బయల్దేరే ముందే ఇచ్చి వెళ్లండి. రిపోర్టులు వచ్చాక నాకు మళ్లీ రాయండి, పేరు లేకుండానే.