అంబాసిడర్ మీటర్లు పీకేసి డిజిటల్ పెట్టించొచ్చా?

ప్రశ్న: నమస్తే సార్. మా తాతగారి 1984 అంబాసిడర్ ఇప్పుడు నా చేతికొచ్చింది. స్టార్ట్ చేసిన కాసేపటికే పెట్రోల్ ముల్లు, టెంపరేచర్ ముల్లు రెండూ పైకెళ్లిపోతున్నాయి, ఇంజిన్ మాత్రం వేడెక్కట్లేదు. డాష్‌బోర్డ్ కోసేసి డిజిటల్ మీటర్ పెట్టేద్దాం అంటున్నాడు మెకానిక్. పెట్టించమంటారా? – ఓ పాఠకుడు, రాజమండ్రి

జవాబు: కోయనివ్వకండి సార్, దయచేసి! 2014లోనే ఈ బండి తయారీ ఆగిపోయింది, కోసిన డాష్‌బోర్డ్‌కి మళ్లీ మంచిది దొరకాలంటే పాత సామాన్ల షాపులన్నీ తిరగాల్సిందే. పైగా రెండు ముళ్లూ ఒకేసారి తప్పు చూపిస్తున్నాయంటే మీటర్లు రెండూ ఒకేసారి పోయాయని కాదు, రెండింటికీ కామన్‌గా ఉన్నదేదో పోయిందని. ఆ కాలం మీటర్లకి వెనకాల చిన్న వోల్టేజ్ స్టెబిలైజర్ ఉంటుంది, బ్యాటరీ నుంచి వచ్చే 12 వోల్టుల్ని సుమారు 10కి తగ్గించి ఇస్తుంది, దాని ఎర్త్ (బండి బాడీకి కలిపే కనెక్షన్) లూజైనా లోపల కరెంటుని కలిపి విడదీసే పాయింట్లు అతుక్కుపోయినా పూర్తి కరెంటు వెళ్లి ముళ్లు పైకెక్కేస్తాయి. ముందు ఎర్త్ తుప్పు గీకించి టైట్ చేయించండి, అప్పటికీ అలాగే ఉంటే ఎలక్ట్రానిక్ స్టెబిలైజర్ వేయించండి. ఒక్క పెట్రోల్ ముల్లే తేడాగా ఉంటే అప్పుడు ట్యాంకులో ఫ్లోట్ (పెట్రోల్ మట్టాన్ని బట్టి పైకీ కిందకీ కదిలి మీటర్‌కి చెప్పేది) చూడాలి.

ఇక కొత్తదనం కావాలనుకుంటే తప్పేం లేదు, నాకూ ఇష్టమే, కానీ పాత డయల్ అలాగే ఉంచి లోపల మార్చుకోండి. లైట్లకి వెచ్చటి రంగు ఎల్‌ఈడీలు వేయండి, తెల్లటివి మాత్రం వద్దు, రాత్రిపూట ఆ పాత డయల్ అందమంతా పోతుంది. ఛార్జింగ్ వార్నింగ్ బల్బు జోలికి మాత్రం వెళ్లొద్దు, ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరుగుతుంటే బ్యాటరీని ఛార్జ్ చేసేది) ఉన్న బండ్లలో చాలావాటికి ఆ ఆల్టర్నేటర్‌కి మొదట్లో కరెంటు అందేది ఆ బల్బు గుండానే, అక్కడ ఎల్‌ఈడీ పెడితే ఒక్కోసారి ఛార్జింగే మొదలవదు.

డిజిటలే కావాలంటే స్టీరింగ్ కింద విడిగా చిన్న బ్రాకెట్ మీద బిగించుకోండి. ట్యాంకు ఫ్లోట్ యూనిట్ రెసిస్టెన్స్ ఎన్ని ఓమ్స్‌దో ఆ మీటర్ కూడా దానికి సరిపడేదే కొనాలి, లేకపోతే ఫుల్ ట్యాంకుకి సగమే చూపిస్తుంది. ఇంజిన్, గేర్‌బాక్స్ ఎప్పుడైనా మార్చి ఉంటే స్పీడోమీటర్ కూడా తప్పు చూపించొచ్చు, అదీ ఒకసారి చెక్ చేయించండి. మీటర్ విప్పే ముందు మాత్రం కిలోమీటర్ల రీడింగ్ ఫొటో తీసి ఆర్సీతో పాటు దాచుకోండి, తాతగారు తిప్పిన లెక్క కదా అది.