చీకటి దృశ్యాల్లో గళ్ళు పడకుండా ఎన్‌కోడ్ చేయడం ఎలా?

ప్రశ్న: వేదిక మీద జరిగిన ఒక నాటకాన్ని 1080పిలో, సెకనుకు 25 ఫ్రేముల వేగంతో చిత్రీకరించాను. ఫైలు చాలా పెద్దది కావడంతో వీడియోలను మార్చే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో హెచ్.264 అనే కుదింపు పద్ధతికి మార్చి, సగటు బిట్‌రేటును (సెకను వీడియోకు వెచ్చించే డేటాను) 1,500 కేబీపీఎస్‌గా, అంటే సెకనుకు 1,500 కిలోబిట్లుగా పెట్టాను. మూల ఫైలులో శుభ్రంగా ఉన్న చీకటి నేపథ్యం కొత్త ఫైలులో చదరపు గళ్ళుగా విడిపోయి కదులుతోంది. దీపాలు మారినప్పుడల్లా తెర మొత్తం ముక్కలవుతోంది. ఫిల్టర్లలో గళ్ళ అంచులను మెత్తబరిచే 'డీబ్లాక్'ను బలంగా పెడితే గళ్ళు కొంత తగ్గాయి కానీ నటుల ముఖాలకు మైనం పూసినట్లయింది. ఏం చేయాలి?

జవాబు: మీరు వాడిన ఫిల్టర్ మంచిదే, కానీ అది మీ సమస్యకు ఉద్దేశించినది కాదు. హ్యాండ్‌బ్రేక్ ఫిల్టర్లన్నీ ఎన్‌కోడింగ్‌కు, అంటే వీడియోను కుదించే పనికి ముందే పనిచేస్తాయి. అంటే గళ్ళు లేని మీ మూల చిత్రాన్ని ముందుగా నునుపు చేసి, ఆ తరువాత ఎన్‌కోడర్‌కు అందించాయి. వివరాలు తగ్గినందువల్ల ఎన్‌కోడర్‌కు పని తేలికై గళ్ళు కొంత తగ్గాయి, అందుకు మూల్యం ముఖాల్లోని సహజత్వం.

గళ్ళు అసలు ఎందుకు పడతాయో చూద్దాం. హెచ్.264 ప్రతి ఫ్రేమునూ 16×16 పిక్సెళ్ళ భాగాలుగా విభజించి, వాటిలో ఇంకా చిన్నవైన 8×8 లేదా 4×4 గళ్ళను విడివిడిగా గణిత రూపంలోకి మారుస్తుంది. బిట్లు చాలనప్పుడు ఆ గణిత విలువలను దగ్గరి అంకెలకు మరింత మోటుగా సవరించవలసి వస్తుంది. చివరికి గడిలోని సూక్ష్మ వివరాలన్నీ పోయి సగటు వెలుగు ఒక్కటే మిగులుతుంది. పక్కపక్క గళ్ళ సగటులు కొద్దిగా తేడాగా ఉన్నా చాలు, వాటి మధ్య అంచు ఏర్పడుతుంది. ఆకులో, ఇసుకలో ఆ అంచు కలిసిపోతుంది గానీ, నునుపైన చీకటిలో కన్ను దాన్ని వెంటనే పట్టేస్తుంది.

మీ లెక్కనే తీసుకుంటే, 1920×1080 ఫ్రేములో 20,73,600 పిక్సెళ్ళుంటాయి. సెకనుకు 25 ఫ్రేములంటే 1,500 కేబీపీఎస్‌లో ఒక్కో పిక్సెల్‌కు 0.03 బిట్ కూడా దక్కదు. కదలిక లేని దృశ్యానికి అది సరిపోవచ్చు, ఎందుకంటే ఎన్‌కోడర్ వెనుకటి ఫ్రేము నుంచే చాలావరకు ఊహించుకుంటుంది. చీకట్లో తీసిన వీడియోలో మాత్రం కెమెరా నాయిస్ (చిత్రంలో కదలాడే సన్నని చుక్కలు) ఫ్రేము ఫ్రేముకూ మారిపోతుంది కనుక ఆ ఊహ ఫలించదు, ఉన్న కొద్దిపాటి బిట్లూ ఎవరికీ అక్కరలేని ఆ నాయిస్‌ను మోయడానికే ఖర్చవుతాయి. దీపాలు ఒక్కసారిగా మారినప్పుడూ ఇదే ఇబ్బంది.

అందువల్ల ముందుగా సగటు బిట్‌రేటును వదిలి, నాణ్యతను ఒకే స్థాయిలో ఉంచే 'కాన్‌స్టంట్ క్వాలిటీ'ని ఎంచుకోండి. హ్యాండ్‌బ్రేక్ వాడే హెచ్.264 ఎన్‌కోడర్ అయిన ఎక్స్264లో దీని విలువ తగ్గేకొద్దీ నాణ్యత పెరుగుతుంది. సహజంగా ఉండే విలువ 23, మీ వీడియోకు 20 దగ్గర మొదలుపెట్టడం మంచిది. ఈ అంకెను 6 తగ్గిస్తే ఫైలు సుమారు రెట్టింపవుతుందని గుర్తుంచుకోండి. రెండవది, ఎన్‌కోడర్ వేగాన్ని నిర్ణయించే ప్రీసెట్‌ను 'స్లో'కు మార్చండి: సమయం ఎక్కువ పట్టినా అదే పరిమాణంలో మెరుగైన చిత్రం వస్తుంది. మూడవది, నా దృష్టిలో చీకటి వీడియోలకు అన్నిటికన్నా ముఖ్యమైనది, నాయిస్‌ను తగ్గించే 'ఎన్ఎల్‌మీన్స్' డీనాయిస్ ఫిల్టర్‌ను అత్యల్ప స్థాయిలో వాడడం. బలంగా పెడితే ఇదీ ముఖాలను మైనంగా మారుస్తుంది కనుక, మొత్తం వీడియోను మార్చే ముందు బాగా చీకటిగా ఉన్న ఒక నిమిషం భాగాన్ని, దీపాలు మారే మరో భాగాన్ని ప్రయోగించి చూడండి.

ఎన్‌కోడర్ లోపల మరొక డీబ్లాకింగ్ ఉంది. పేరు ఒకటే అయినా పని వేరు. అది ఎన్‌కోడింగ్‌లో పుట్టిన అంచులను సరిచేసి, ఆ సరిచేసిన ఫ్రేము ఆధారంగానే తరువాతి ఫ్రేములను నిర్మిస్తుంది. దాని బలాన్ని -6 నుంచి 6 వరకు మార్చుకోవచ్చు, కానీ సహజంగా ఉన్న 0ను అలాగే ఉంచండి. మరీ పెంచితే ఆ మసక ఫ్రేము నుంచి ఫ్రేముకు పాకుతుంది.

ఫైలు పరిమాణం తప్పనిసరిగా ఇంతే ఉండాలన్న నియమం ఉంటే, సగటు బిట్‌రేటుతోనే వీడియోను రెండుసార్లు నడిపే రెండు పాస్‌ల పద్ధతి వాడండి. ఎన్‌కోడర్ మొదటి పాస్‌లో కష్టమైన ఘట్టాలను గుర్తించి, రెండవ పాస్‌లో వాటికి బిట్లు కేటాయిస్తుంది. అప్పటికీ చాలకపోతే 720పికి తగ్గించండి. పిక్సెళ్ళు 9,21,600కు దిగి, ఒక్కో దానికి దక్కే బిట్లు రెండింతలకు పైగా పెరుగుతాయి. గళ్ళతో నిండిన 1080పి కన్నా శుభ్రమైన 720పి చూడడానికి ఎంతో హాయిగా ఉంటుంది.

ప్రశ్న: ఒక పాత ఎంపెగ్-2 (డీవీడీలలో వాడే కుదింపు పద్ధతి) ఫైలులో ముందే గళ్ళున్నాయి. మూలం దొరకదు. వాటిని పూర్తిగా తొలగించవచ్చా?

జవాబు: పోయిన వివరాలు తిరిగి రావు, అంచులను మాత్రం మెత్తబరచవచ్చు. ముందటి పాఠకునికి వద్దన్న డీబ్లాక్ ఫిల్టర్‌కు సరైన చోటు ఇదే. ఎంపెగ్-2 గళ్ళు 8×8 పిక్సెళ్ళవి. ఫిల్టర్ ఆ సరిహద్దుల దగ్గరే వెతుకుతుంది కనుక, చిత్రాన్ని కత్తిరించడం, పరిమాణం మార్చడం వంటివి దాని తరువాతే చేయాలి. ఆ పైన క్వాలిటీ విలువను 18కి దింపి ఎన్‌కోడ్ చేయండి, పాత ఫైలును మాత్రం చెరపకండి.