స్కానింగు ఫిల్ము కంటే ముందు నీ పాదాన్ని చూడు

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య దీవెనలు.

నువ్వు ఫోనులో పంపిన ఎంఆర్ఐ రిపోర్టు రెండుసార్లు చదివాను. ఎల్4–ఎల్5 దగ్గర, అంటే నడుములోని నాలుగో, ఐదో వెన్నుపూసల మధ్య, మెత్తని దిండులా ఉండే డిస్కు ఉబ్బి కాలికి వెళ్లే నరాన్ని తాకుతోందని రాశారు. అది చదివిన దగ్గరనుంచి నీకు నిద్ర లేదని, వచ్చే వారమే ఆపరేషన్ అంటున్నారని నీ భార్య, మా కోడలు చెప్పింది. నేను ముప్పై ఏళ్లు నర్సుగా పనిచేసినదాన్ని. నలభై ఆరో ఏట నడుము నుంచి కాలికి దిగే ఇదే నొప్పితో రాత్రిళ్లు గోడ పట్టుకుని నిలబడినదాన్ని కూడా. ఆ రిపోర్టు కాసేపు పక్కన పెట్టి, ముందు నీ పాదం సంగతి చూడు.

మడమల మీద పది అడుగులు నడువు. తరువాత మునివేళ్ల మీద నడువు. కాలి బొటనవేలు పైకెత్తి, కోడలిని కిందికి నొక్కమను. రెండు కాళ్లలో బలం ఒకేలా ఉందా? నడుస్తుంటే నీకు తెలియకుండా చెప్పు జారిపోతోందా? మూత్రం వచ్చేది తెలుస్తోందా? సైకిల్ సీటు తగిలే చోట మొద్దుబారిందా? మూత్రం, మలం మీద పట్టు తప్పినా, ఆ చోట స్పర్శ తగ్గినా ఈ ఉత్తరం అక్కడే వదిలేసి ఆ రాత్రే పెద్దాసుపత్రికి వెళ్లు. అప్పుడు ప్రతి గంటా విలువైనదే. పాదంలో బలం తగ్గుతోందంటే మాత్రం వారాలు చూస్తూ కూర్చోవద్దు.

మా మరిదికి అదే జరిగింది. పొలం నుంచి ఒక కాలికే చెప్పుతో వచ్చాడు. రెండోది ఎక్కడ ఊడిందో అతనికే తెలియదు. ఇంట్లోవాళ్లు నరం పట్టేసిందన్నారు, నూనె మర్దన చేయించారు. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల చేత నడుము మీద తన్నించారు కూడా. ఇరవై రోజులు గడిచాక నాకు కబురు వచ్చింది. ఆపరేషన్ బాగానే జరిగింది, నొప్పి పోయింది, పాదం మాత్రం ఇప్పటికీ ఈడుస్తుంది. ఆ ఇరవై రోజులు గుర్తొస్తే నా గుండె మండిపోతుంది. నీ నడుము మీద ఎవరినీ కాలు పెట్టనివ్వకు.

పాదంలో బలం ఉంది, మూత్రం సరిగా ఉంది, జ్వరం లేదు, కారణం లేకుండా బరువు తగ్గలేదు అనుకుందాం. అప్పుడు నీకు ఆలోచించుకునే సమయం ఉంది. నొప్పి మొదలై మూడు వారాలే కదా. బయటికి పొడుచుకొచ్చిన డిస్కు ముక్కను చాలామందిలో శరీరమే కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది. రిపోర్టులోని మాటలకు భయపడకు. నడుము నొప్పి ఎరుగని మనుషులకు స్కానింగు తీసిన పరిశోధనలన్నీ కలిపి 2015లో లెక్క కట్టారు. నలభై ఏళ్లవాళ్లలో 50 శాతం మందికి, ఎనభై ఏళ్లవాళ్లలో 84 శాతం మందికి డిస్కు ఉబ్బు కనిపించింది. నీకు నలభై. ఫిల్ములో ఉబ్బు ఉన్నంత మాత్రాన కోత తప్పదని కాదు.

ఆపరేషన్ మంచిది కాదని మాత్రం అనను. నెదర్లాండ్స్‌లో తీవ్రమైన కాలి నొప్పితో ఆరు నుంచి పన్నెండు వారాలు బాధపడిన 283 మందిని రెండు జట్లు చేసి చూశారు. ఒక జట్టుకు వెంటనే ఆపరేషన్, రెండో జట్టుకు మందులూ ఫిజియోథెరపీతో ఆగి చూడటం. 2007లో ఫలితాలు వచ్చాయి. కోత పడినవాళ్లకు కాలి నొప్పి త్వరగా తగ్గింది. ఏడాది తిరిగేసరికి రెండు జట్లలోనూ 95 శాతం మంది కోలుకున్నారు. ఆగినవాళ్లలో 39 శాతం మంది మధ్యలో ఆపరేషన్‌కు వెళ్లారు. అంటే ఆగినందువల్ల నువ్వు పోగొట్టుకునేది చాలావరకు నొప్పి లేని కొన్ని వారాలు. ఆ వారాలు భరించగలవా లేదా అన్నది నువ్వే చెప్పాలి, నీ బదులు నేను చెప్పలేను.

నేను ఆగాను. మూడు నెలలు పట్టింది. మొదటి వారం చేసిందల్లా దిండు లేకుండా బోర్లా పడుకోవడం, రెండు నిమిషాల తరువాత మోచేతుల మీద లేవడం. అది అలవాటయ్యాక సగం భుజంగాసనం. ఇందులో ఒక్క గుర్తు పెట్టుకో. నొప్పి పాదం నుంచి పిక్కకు, పిక్క నుంచి తొడకు, తొడ నుంచి నడుముకు పైకి జరుగుతుంటే, నడుములో కాస్త ఎక్కువైనా అది మంచి సూచన. కిందికి దిగుతుంటే ఆ కదలిక నీకు పనికిరాదు, ఆపేయి. ముందుకు వంగి కాళ్లు పట్టుకునే ఆసనాల జోలికి ఇప్పుడు వెళ్లవద్దు. కొంచెం తగ్గాక చేతులూ మోకాళ్ల మీద నిలబడి కుడి చేయి, ఎడమ కాలు చాచడం, మళ్లీ అటుది ఇటు. ఇవన్నీ ఒకసారి ఫిజియోథెరపిస్టు ఎదుట చేసి చూపించు. రోజుకు మూడుసార్లు పది నిమిషాలు సాగర్ కాలువ గట్టు మీద నడువు. మంచం మీద రోజుల తరబడి పడుకుంటే కండ బలం పోతుంది. నొప్పి మాత్రలు డాక్టరు చెప్పినన్ని రోజులే వాడు, కడుపు, కిడ్నీలు నీవి.

నువ్వు నడిపే వరికోత మిషన్ సీటు దగ్గరే నీ కష్టమంతా ఉంది. ఎనిమిది గంటల అదురు, పైగా వంగి కూర్చోవడం. అరగంటకోసారి ఇంజను ఆపి దిగు. దూకకు, మెట్టు పట్టుకుని దిగు. దిగీ దిగగానే డీజిలు క్యాను ఎత్తకు, కాసేపు నిటారుగా నడిచాక ఎత్తు. తెల్లవారి లేవగానే డిస్కులు రాత్రి పీల్చుకున్న నీటితో బిగువుగా ఉంటాయి, మొదటి గంటలో వంగే పనులు పెట్టుకోవద్దు. కిస్తీల భయంతో ఈ సీజను మొత్తం లాగేయాలని చూస్తున్నావని నాకు తెలుసు. డ్రైవరును పెట్టుకో బిడ్డా. లాభం తగ్గితే తగ్గనీ.

ఆరు వారాలు ఇలా చేసినా కాలి నొప్పి నిన్ను కూర్చోనివ్వకపోతే ఆపరేషన్‌కు నేనే తోడు వస్తాను. సర్జన్‌ను అడగవలసినవి అడుగు. ఇది కాలి నొప్పికా, నడుము నొప్పికా? ఈ కోత బాగా పనిచేసేది కాలి నొప్పి మీదే. డిస్కు ముక్క మాత్రమే తీస్తారా, స్క్రూలు వేసి ఎముకలు అతికిస్తారా? రెండోది చాలా పెద్ద పని, దానికి హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి లాంటి చోట మరో డాక్టరు మాట వినకుండా సంతకం పెట్టవద్దు. ఆరోగ్యశ్రీ సంగతి ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడుగు.

ఇంకో మాట. నీకు పదిహేనేళ్లు వచ్చేదాకా మన మర్రిగూడ వైపు బోరు నీళ్లే తాగావు. ఫ్లోరైడ్ నీళ్లు వెన్నెముక చుట్టూ ఉన్న బంధాలను గట్టిపరుస్తాయి. మీ నాన్న మెడ తిప్పాలంటే మనిషంతా తిరగడం నువ్వు చూసిందే. ఈ విషయం డాక్టరుకు నువ్వే చెప్పు. వాళ్లు అడిగేదాకా ఆగవద్దు.

ఆదివారం నల్గొండ రా. ఫిల్ములు, పాత ఎక్స్‌రేలు అన్నీ సంచిలో పెట్టుకో, సంచి కోడలిని మోయనివ్వు. దారిలో ఒకచోట దిగి నాలుగడుగులు నడువు. మడమల మీద నడిచి చూశావా లేదా, అది మాత్రం ఈ రాత్రికే ఫోను చేసి చెప్పు.

మీ అత్తయ్య