గ్యారేజీ ముందు, పెరడు తర్వాత

ప్రశ్న: మాది కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్. 2013లో ఇర్వింగ్టన్ వైపు 7,80,000 డాలర్లకు పాత ఇల్లు కొన్నాం. స్థలం 7,200 చదరపు అడుగులు. 2021లో రీఫైనాన్స్ చేశాం, ఇంకా 5,60,000 అప్పుంది, వడ్డీ 2.875 శాతం. చేతిలో 1,60,000 ఉన్నాయి, నెల ఖర్చు 10,000. మా అత్తయ్యగారు, మామయ్యగారు తెనాలిలో ఉంటారు. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, మా ఇంట్లో పడకగదులన్నీ మేడ మీదే. పెరట్లో 740 చదరపు అడుగుల చిన్న ఇల్లు కట్టడానికి 2,95,000 అడిగారు. గ్యారేజీనే గదిగా మార్చడానికి ఇంకొకరు 1,45,000 చెప్పారు. ఒక బిల్డరేమో కొత్త చట్టం కింద స్థలాన్ని రెండుగా చీల్చి వెనక భాగం తనకిస్తే 4,50,000 ఇస్తానంటున్నాడు. మావారి టీమ్‌లో ఈమధ్యే కొందరి ఉద్యోగాలు పోయాయి. మాకు 2023లో గ్రీన్ కార్డు వచ్చింది. ఇంకొకటి: మా వీధి చివర ఇంటిని పడగొట్టి నాలుగు ఇళ్లు కడతారట. ఇళ్ల విలువ పడిపోతుందని పక్కింటావిడ పిటిషన్ తెచ్చి సంతకం పెట్టమంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: స్థలం చీల్చకండి. పెరట్లో ఇల్లు ఇప్పుడే కట్టకండి. గ్యారేజీ మార్పించండి. పిటిషన్ మీద సంతకం పెట్టకండి. ఎందుకో ఒక్కొక్కటే చెబుతాను.

ముందు బిల్డర్ సంగతి. ఆయన చెప్పే చట్టం ఎస్‌బీ 9, అంటే కాలిఫోర్నియా సెనేట్ బిల్లు 9. 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఒకే ఇల్లు ఉండాలన్న చోట రెండు కట్టుకోవచ్చు, స్థలాన్ని రెండు ముక్కలు చేసుకోవచ్చు. ముక్క 1,200 చదరపు అడుగులకు తగ్గకూడదు, చిన్నది మొత్తంలో 40 శాతమైనా ఉండాలి. కొలతల ప్రకారం మీ స్థలం సరిపోతుంది, బిల్డర్ అబద్ధమేమీ చెప్పలేదు. ఆయన చెప్పనివి మూడున్నాయి.

మొదటిది, మీ అప్పు మొత్తం స్థలం మీద ఉంది. వెనక ముక్కను విడిపించాలంటే బ్యాంకు ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే పాత అప్పు తీర్చేసి కొత్తది తీసుకోవాల్సి వస్తుంది. 5,60,000 మీద 2.875 శాతం అంటే ఏడాదికి 16,100 వడ్డీ. అదే ఆరున్నర శాతమైతే 36,400. ఏడాదికి ఇరవై వేలు ఊరికే పోతాయి. 2021లో దొరికిన ఆ వడ్డీ మళ్లీ ఎప్పుడొస్తుందో ఎవరం చెప్పలేం. ప్రస్తుతం మీకున్న అన్ని ఆస్తుల్లోకీ విలువైనది ఆ అప్పు కాగితమే.

రెండోది పన్ను. సొంతిల్లు అమ్మితే భార్యాభర్తలకు కలిపి 5,00,000 దాకా లాభం మీద ఫెడరల్ పన్ను లేదన్నది మీకు తెలిసే ఉంటుంది. కానీ ఆ మినహాయింపు ఇంటికి. పక్కన ఉన్న ఖాళీ స్థలాన్ని విడిగా అమ్మితే, దానికి రెండేళ్లు అటో ఇటో ఇల్లు కూడా అమ్మితేనే వర్తిస్తుంది. మీరు ఇల్లు అమ్మరు కదా. 2013 ధరలో ఆ ముక్క వంతు తీసేసి మిగిలిందంతా లాభమే. పైగా కాలిఫోర్నియా ఆస్తి అమ్మిన లాభాన్ని (క్యాపిటల్ గెయిన్స్) జీతంతో సమానంగా చూస్తుంది. 4,50,000లో మీ చేతికి ఎంతొస్తుందో మీ పన్నుల లెక్కలు చూసేవారితో కాగితం మీద వేయించుకోండి. మూడోది, స్థలం చీల్చేటప్పుడు కనీసం మూడేళ్లు అక్కడే ఉంటామని మీరు అఫిడవిట్ ఇవ్వాలి. ఉద్యోగం కుదురుగా లేని సమయంలో ఊరు మారే దారి మీరే మూసుకున్నట్టవుతుంది.

ఇక పెరట్లో ఇల్లు. దాన్నే అందరూ ఏడీయూ అంటున్నారు. 2017, 2020లలో అమల్లోకి వచ్చిన చట్టాల వల్ల ఇది సులువైంది. సిటీ 60 రోజుల్లో తేల్చాలి, పక్క, వెనక హద్దులకు నాలుగడుగుల దూరం వదిలితే చాలు, 750 చదరపు అడుగుల లోపైతే ఇంపాక్ట్ ఫీజు (కొత్త కట్టడాల మీద వేసే రుసుము) లేదు. 2016లో రాష్ట్రం మొత్తం మీద వెయ్యి పైచిలుకు అనుమతులు ఇస్తే, ఇప్పుడు ఏడాదికి ఇరవై వేలు దాటాయి. చాలామందికి ఒక భయం ఉంటుంది, కొత్తది కడితే పాత ఇంటి ఆస్తి పన్ను కూడా పెరుగుతుందేమోనని. పెరగదు. 1978లో ఓటర్లు ఆమోదించిన ప్రొపొజిషన్ 13 ప్రకారం పాత ఇంటికి పన్ను కోసం కట్టే విలువ ఏడాదికి 2 శాతానికి మించి పెరగదు. కొత్తగా కట్టినదానికే కొత్త విలువ కడతారు.

అయినా ఇప్పుడు వద్దంటున్నాను. 2,95,000 అన్నది కాగితం మీది మాట. నిరుడు మా క్లయింటు ఒకరి పెరట్లో నిలబడి చూశాను. మురుగు గొట్టం వీధిలో కలపడానికి వాకిట్లో కాంక్రీటు అంతా కోసి కందకం తవ్వారు. కరివేపాకు చెట్టు వేళ్లతో సహా లేచిపోయి కుండీలో వాడిపోతోంది. పాత ఇంటి కరెంటు ప్యానెల్ వంద ఆంపియర్లే, దాన్ని రెండు వందలకు మార్చాలన్నారు. ఇవేవీ మొదటి కొటేషన్లో లేవు. కాబట్టి 3,40,000 వేసుకుందాం.

మీ 1,60,000లో సగం, అంటే ఎనిమిది నెలల ఇంటి ఖర్చు, ముట్టుకోకూడదు. మీవారి ఉద్యోగం స్థిమితపడే దాకా ఇందులో నేను రాజీపడను. మిగిలిన 80,000 పోగా 2,60,000 హెలాక్ (ఇంటి తాకట్టు మీద తీసుకునే, వడ్డీ మారుతుండే అప్పు) తీసుకోవాలి. 8 శాతం వేస్తే నెలకు వడ్డీయే 1,733. ఆస్తి పన్ను, ఇన్సూరెన్స్, మరమ్మతులు కలిపి ఇంకో 510. మొత్తం 2,243. అద్దె 2,800 వస్తుందనుకుని, ఏడాదిలో ఒక నెల ఖాళీ తీసేస్తే నెలకు సగటున 2,567. మిగిలేది 324, అదీ అసలు కట్టకముందు. హెలాక్ వడ్డీ పెరిగితే అదీ ఉండదు.

మీరు కట్టాలనుకుంటున్నది అద్దె కోసం కాదు, అత్తయ్యగారి కోసం. వాళ్లు ఆరు నెలలుంటే మిగతా ఆరు నెలలే అద్దెకివ్వగలరు. ఆరు నెలలకు మంచి అద్దెదారు దొరికినా నెలకు సగటున 1,400 వస్తుంది, 843 మీ జేబులోంచి పోతుంది. ఏడాదికి పది వేలు. పైగా అత్తమామలు అద్దె లేకుండా ఉన్న రోజుల్ని పన్నుల వాళ్లు మీరు వాడుకున్న రోజులుగానే లెక్కేస్తారు, అద్దె మీద నష్టం చూపించుకోవడానికి అది అడ్డు.

మీరు రాయని విషయం ఒకటుంది. గ్రీన్ కార్డు వచ్చిన అయిదేళ్లకు, అంటే 2028లో, మీవారికి పౌరసత్వానికి అర్హత వస్తుంది. తల్లిదండ్రులకు గ్రీన్ కార్డు కోసం దరఖాస్తు పెట్టగలిగేది పౌరులే. అప్పటి దాకా వాళ్లు విజిటర్ వీసా మీద, మామూలుగా ఒక విడతకు ఆరు నెలలు ఉండి తిరిగి వెళ్లాల్సిన వాళ్లే. ఏడాదిలో సగం తెనాలిలో ఉండే మనుషుల కోసం 3,40,000 పెట్టి ఇల్లెందుకు?

గ్యారేజీ అలా కాదు. నేల, గోడలు, కప్పు ఇప్పటికే ఉన్నాయి. 1,45,000లో 80,000 మీవి, 65,000 హెలాక్. వడ్డీ నెలకు 433, అదనపు పన్ను, ఇన్సూరెన్స్ కలిపినా 650 చిల్లర. అద్దెదారు మీద ఆధారపడనక్కర్లేదు. మార్చిన గ్యారేజీకి బదులు వేరే పార్కింగ్ చూపించమని సిటీ అడగకూడదు. ముఖ్యంగా అత్తయ్యగారు మెట్లెక్కనక్కర్లేదు. స్నానాల గదికి గడప లేకుండా చేయించండి, తలుపు వీల్‌చైర్ పట్టేంత వెడల్పు పెట్టించండి. ఈ రెండిటి దగ్గర మాత్రం పొదుపు చూడకండి. 2028 తర్వాత వాళ్లు ఇక్కడే ఉంటామంటే పెరడు అలాగే ఉంటుంది. గ్యారేజీ మార్చాక కూడా పెరట్లో విడిగా ఇంకో చిన్నిల్లు కట్టుకునే వీలు రాష్ట్ర చట్టంలో ఉంది.

పిటిషన్ విషయం. ముందు తెలుసుకోవాల్సింది, దానివల్ల పని జరగదు. ఎస్‌బీ 9 నిబంధనలకు సరిపోయే ప్లానుకు సిటీ బహిరంగ విచారణ లేకుండా అనుమతి ఇవ్వాలి. జనం ఆరోగ్యానికో భద్రతకో నిర్దిష్టమైన హాని చూపిస్తే తప్ప ఆపలేదు. ఇళ్ల విలువ పడిపోతుందన్న భయం అందులోకి రాదు. ఆ భయం కూడా నాకు తిరకాసుగానే కనిపిస్తుంది. ఒక ఇల్లు కట్టగలిగిన స్థలంలో నాలుగు కట్టుకోవచ్చంటే స్థలం ధర తగ్గడానికి కారణమేముంది? మీ పెరటి ముక్కకు 4,50,000 ఇస్తానని బిల్డర్ వచ్చింది కూడా అందుకే కదా. పక్కింటావిడ చెప్పేదాంట్లో ఒకటి నిజం కావచ్చు: కార్లు వీధిలోకి వస్తాయి. పార్కింగ్ గురించి అడగండి, అది న్యాయమైన ప్రశ్న.

ఇక్కడ డబ్బు కాని మాట ఒకటి చెప్పనివ్వండి. ఒక స్థలంలో ఒకే ఇల్లు అన్న నియమం 1916లో మన రాష్ట్రంలోని బర్క్లీ నగరంలోనే మొదలైంది. దాని వెనుక జాతి వివక్ష ఉందని 2021లో ఆ నగర మండలే ఒప్పుకుంది. అదే రోజుల్లో, 1913 చట్టం కింద, ఈ రాష్ట్రంలో పౌరసత్వానికి అర్హత లేని ఆసియావాళ్లు వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు. 1923లో థిండ్ కేసులో భారతీయులకు పౌరసత్వానికి అర్హత లేదని అమెరికా సుప్రీంకోర్టు తీర్పివ్వడంతో మన దేశం నుంచి వచ్చినవాళ్లూ అందులో చిక్కుకున్నారు. 1952లో గానీ ఆ చట్టం పోలేదు. ఫ్రీమాంట్‌లో మన పేరు మీద పట్టా ఉండటం అంత పాత సంగతేమీ కాదు. మనం లోపలికి వచ్చాక తలుపు వేసేయమనే కాగితం మీద మన సంతకం ఉండకూడదని నా కోరిక. మినెసోటా రాష్ట్రంలోని మినియాపొలిస్ నగరం 2020లో ఈ ఒకే ఇల్లు నియమం ఎత్తేసింది. 2017 నుంచి 2022 దాకా అక్కడ అద్దెలు 1 శాతం పెరిగితే, మిగతా మినెసోటాలో 14 శాతం పెరిగాయని ప్యూ అనే పరిశోధన సంస్థ లెక్క తేల్చింది. అందులో ఎక్కువ భాగం పెద్ద అపార్ట్‌మెంట్ల చలవే, వీధుల్లోని చిన్న ఇళ్లది కాదు. అయినా ఇళ్లు పెరిగిన చోట అద్దె అదుపులో ఉందన్నది నిజం.

ఆవిడతో గొడవ పడొద్దు. పదేళ్లుగా పక్కపక్కన ఉన్నవాళ్లు. మా అత్తయ్యకు గది కట్టుకోబోతున్నాం, ఇంకొకరు కట్టుకుంటుంటే వద్దనలేనండీ అని చెప్పండి చాలు.

కాంట్రాక్టర్‌తో సంతకాలు చేసే ముందు గ్యారేజీలో కప్పు దూలం నుంచి నేల దాకా టేపు పెట్టి కొలవండి. పూర్తయ్యాక ఏడడుగులైనా మిగలాలి. పాత గ్యారేజీల్లో నేల తలుపు వైపు వాలి ఉంటుంది, చదును చేస్తే నాలుగంగుళాలు పోవచ్చు. ఆ కొలత నాకు రాసి పంపండి. తక్కువ వస్తే 1,45,000 లెక్క మళ్లీ వేయాలి.